సైకిలు ప్రయాణానికి పనిముట్లు: ఏవి వెంట, ఏవి ఇంట?

అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ మన ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒకటే: "ఏది తీసుకెళ్దాం, ఏది వదిలేద్దాం?" కొన్నేళ్లకోసారి ఇల్లంతా పెట్టెల్లోకి సర్దడం అలవాటైన మనకు ఈ ప్రశ్న కొత్త కాదు. సైకిలు మీద దూరం వెళ్లేవాళ్లు కూడా బయలుదేరే ముందు ఇదే ప్రశ్న వేసుకుంటారు. అయితే వాళ్ల వెనకాల సామాన్ల లారీ రాదు. సంచిలో పెట్టుకున్న ప్రతి వస్తువునూ తమ కాళ్ల బలంతోనే లాక్కుపోవాలి.

జంషెడ్‌పూర్‌లో ఉన్నవాళ్లకు సైకిలు దారులకు కొదవ లేదు. ఊళ్లో జూబిలీ పార్కు ఉంది. ఊరి మధ్య నుంచి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో దల్మా కొండల పక్కన డిమ్నా సరస్సు ఉంది. ఇంకా దూరం వెళ్లాలంటే ఒకవైపు చాండిల్ ఆనకట్ట, మరోవైపు ఘాట్‌శిలా ఉన్నాయి. ఇలాంటి ప్రయాణాలకు ఏ పనిముట్లు పెట్టుకోవాలో, వాటిని తేలిగ్గా ఎలా ఎంచుకోవాలో ఈ వ్యాసంలో చూద్దాం.

బరువు నిజంగా అంత ముఖ్యమా?

ముందు చిన్న లెక్క వేద్దాం. తొక్కే అబ్బాయి లేదా అమ్మాయి 50 కిలోలు, సైకిలు 15 కిలోలు అనుకుందాం. మొత్తం 65 కిలోలు. దీనికి ఒక కిలో పనిముట్లు కలిస్తే బరువు ఒకటిన్నర శాతం పెరుగుతుంది. వంద మీటర్ల ఎత్తు ఎక్కడానికి ఆ ఒక్క కిలో కోసం అదనంగా ఖర్చయ్యే శక్తి దాదాపు 980 జౌళ్లు. మొత్తం 65 కిలోలను అంత ఎత్తుకు చేర్చడానికి 63,700 జౌళ్లు కావాలి. అంటే చదునైన రోడ్డు మీద ఆ కిలో ఉన్న సంగతే మనకు తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడు కొద్దిగా తెలుస్తుంది.

మరి తేలికైన పనిముట్ల కోసం ఇంత ఆలోచన ఎందుకు? కారణం ఉంది. బరువు ఎప్పుడూ ఒక్కసారిగా రాదు. "ఇది చిన్నదే కదా, ఉండనీ" అంటూ ఒక్కొక్కటే సంచిలో చేరుతుంది. అలా చేరి చేరి సుత్తి, పెద్ద పానా, కటింగ్ ప్లేయరు, మూడు స్క్రూడ్రైవర్లు కలిస్తే రెండు మూడు కిలోలవుతుంది. సంచి లాగేస్తుంది, గతుకుల్లో గలగలమంటుంది, అవసరమైన వస్తువు అడుక్కి పోతుంది. చివరికి "బరువెక్కువైంది" అని మనం తీసి పక్కన పెట్టేది ఏమిటి? చాలాసార్లు నీళ్ల సీసానే! ఒక లీటరు నీళ్ల బరువు దాదాపు ఒక కిలో. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో ఇనుప సుత్తి మోస్తూ నీళ్లు తగ్గించుకున్నవాడికి వడదెబ్బ తగిలితే ఆ సుత్తి ఎందుకూ పనికిరాదు. పనిముట్ల బరువు తగ్గించేది నీళ్లకు చోటు మిగల్చడానికే అని గుర్తుంచుకోవాలి.

కొండలెక్కేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ చాలా ఏళ్లు నడిపిన టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ మన ఊళ్లోనే ఉంది. పర్వతారోహకులు సామాన్లను కిలోల్లో కాక గ్రాముల్లో తూచి సర్దుకుంటారు. మనకు అంత అవసరం లేదు కానీ ఆ అలవాటు మంచిదే.

విరిగిన ఫోర్కు, వచ్చిన పని

ఎన్ని పనిముట్లు మోసినా అన్ని ఇబ్బందులకూ సరిపోవు. దీనికి సైకిలు చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉంది.

1913 టూర్ డి ఫ్రాన్స్ పందెంలో యూజీన్ క్రిస్టోఫ్ అనే ఫ్రెంచి వీరుడు గెలుపు వైపు దూసుకుపోతున్నాడు. పిరనీస్ పర్వతాల్లో తుర్మాలె కనుమ దిగుతుండగా అతని సైకిలు ముందు ఫోర్కు విరిగిపోయింది. ఆ రోజుల్లో నియమం కఠినం. పోటీదారుడు తన సైకిలును తానే బాగుచేసుకోవాలి, ఎవరి సాయమూ తీసుకోకూడదు. క్రిస్టోఫ్ సైకిలును భుజానికెత్తుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి సాంత్-మరీ-ద-కాంపాన్ అనే పల్లె చేరాడు. అక్కడి కమ్మరి కొలిమిలో తన చేతులతోనే ఫోర్కును అతికించుకున్నాడు. కమ్మరి నోటితో చెప్పవచ్చు గానీ చెయ్యి వేయకూడదు. పందెం అధికారులు పక్కనే నిలబడి చూశారు. గంటలు గడిచిపోయాయి. అంతా అయ్యాక, తిత్తి ఊదడానికి ఒక పిల్లవాడు సాయపడ్డాడని అతనికి అదనపు నిమిషాల శిక్ష కూడా వేశారు! అయినా క్రిస్టోఫ్ పందెం వదలకుండా చివరికి ఏడో స్థానంలో ముగించాడు.

ఇక్కడ గమనించవలసింది ఏమిటి? విరిగిన ఫోర్కును అతికించే పనిముట్టు ఏ సైక్లిస్టూ సంచిలో మోయలేడు. క్రిస్టోఫ్‌ను కాపాడింది అతనికి వచ్చిన పని. అతను కుర్రతనంలో తాళాలు తయారుచేసే పని నేర్చుకున్నవాడు. ఇనుము, నిప్పు అతని చేతికి అలవాటే. తెలిసిన పనికి బరువుండదు.

నేటికీ ఇలాంటి నియమం ఉన్న ప్రయాణాలున్నాయి. "బ్రెవె" అనే దూరపు సైకిలు సవారీలు మన దేశంలోనూ జరుగుతున్నాయి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. ఇవి పందేలు కావు. కానీ ఒక తనిఖీ కేంద్రం నుంచి మరో కేంద్రం దాకా వెంట వచ్చే వాహనం నుంచి సాయం పొందకూడదు. కాబట్టి వాటిలో పాల్గొనేవాళ్లు సంచి సర్దుకునే తీరు మనకు మంచి పాఠం.

మూడు ప్రశ్నల జల్లెడ

ఏ పనిముట్టునైనా సంచిలో పెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: ఇది నా సైకిలులో ఏ నట్టుకైనా, ఏ బోల్టుకైనా సరిపోతుందా? బజారులో పదహారు పనులు చేసే మల్టీటూల్ దొరుకుతుంది. మన సైకిలుకు అందులో నాలుగే పనికొస్తే మిగతా పన్నెండూ ఊరికే మోస్తున్నట్టే.

రెండు: ఆ భాగం పాడైతే ప్రయాణం ఆగిపోతుందా? పంక్చరైతే ఆగిపోతుంది, చెయిను తెగితే ఆగిపోతుంది. మడ్‌గార్డు వదులైతే ఆగదు. దాన్ని తాడుతో కట్టి ఇంటికి రావచ్చు.

మూడు: దీన్ని వాడటం నాకు వచ్చా? రాకపోతే రెండే దారులు. వెళ్లేలోగా నేర్చుకోవాలి, లేదా ఇంట్లో వదిలేయాలి.

నల్ల సైకిలు, గేర్ల సైకిలు

ఒకరి సంచి మరొకరికి సరిపోకపోవడానికి కారణం సైకిళ్లు వేరు కావడమే.

తాతగారి కాలం నాటి నల్ల సైకిలులో దాదాపు అన్నీ నట్లే. దానికి పానాలు కావాలి. రెండు కొసల్లోనూ గుండ్రంగా, రకరకాల కొలతల గుంటలుండే పానా ఒక్కటే చాలా నట్లకు సరిపోతుంది. ఈ సైకిలులో ఒక సౌకర్యం కూడా ఉంది. పంక్చరు వేయడానికి చక్రం ఊడదీయనక్కరలేదు. టైరును ఒక పక్క విప్పి, ట్యూబును బయటికి లాగి అతికించవచ్చు. రోడ్డు పక్క పంక్చరు దుకాణాల వాళ్లు చేసేది అదే. అయితే ట్యూబు పూర్తిగా మార్చాలంటే మాత్రం చక్రం తీయక తప్పదు.

గేర్ల సైకిలులో ఎక్కువగా అలెన్ బోల్టులుంటాయి. వాటి తలలో ఆరు మూలల గుంట ఉంటుంది. 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలతో హ్యాండిలు, సీటు, బ్రేకుల పనులు చాలావరకు అయిపోతాయి. డిస్కు బ్రేకులున్న కొన్ని సైకిళ్లకు నక్షత్రం మూతి ఉండే టీ-25 కీ కూడా కావాలి. చక్రం ఇరుసుకు నట్లుంటే వాటికి సరిపోయే పానా, చాలా కొత్త సైకిళ్లలో 15 మిల్లీమీటర్లది, పెట్టుకోవాలి. క్విక్ రిలీజ్ మీట ఉంటే ఆ పానా అక్కరలేదు.

ఆ మీట వెనక ఒక కథ చెబుతారు. 1927లో ఇటలీలో ఒక పందెంలో తుల్లియో కంపన్యోలో అనే సైక్లిస్టు మంచు కురుస్తుండగా కొండ మీద చక్రం మార్చవలసి వచ్చింది. చలికి వేళ్లు కొంకర్లుపోయి చక్రం నట్లు విప్పలేకపోయాడట. తర్వాత ఆయన, ఏ పనిముట్టూ లేకుండా చేత్తోనే చక్రం విప్పగలిగే మీటను తయారుచేశాడు. అన్నిటికంటే తేలికైన పనిముట్టు అసలు అవసరమే పడనిది!

గాలి పెట్టే వాల్వు కూడా చూసుకోండి. మన పాత సైకిళ్లది ఒక రకం. లోపల చిన్న రబ్బరు గొట్టం ఉండే ఆ వాల్వును "వుడ్స్" లేదా "డన్‌లప్" వాల్వు అంటారు. మోటారు సైకిలుకు ఉండేలాంటి లావు వాల్వు "ష్రేడర్". సన్నగా, కొసన చిన్న మరతో ఉండేది "ప్రెస్టా". పంపు మూతి వాల్వుకు సరిపోకపోతే ఎంత మంచి పంపైనా వృథా. సన్నటి ప్రెస్టా వాల్వుకు దారి పక్క దుకాణంలో గాలి పట్టించుకోవాలంటే చిన్న ఇత్తడి అడాప్టరు కావాలి. దాని బరువు కొన్ని గ్రాములే. కానీ అది లేకపోతే దుకాణం ముందు నిలబడి కూడా సైకిలు నడిపించుకుంటూ పోవాలి.

ఉక్కు ఎక్కడ, అల్యూమినియం ఎక్కడ?

1912లో తొలి ఉక్కు దిమ్మ తయారైన ఊరు మనది. కాబట్టి లోహాల సంగతి కొంచెం ఎక్కువగానే తెలుసుకుందాం.

ఒక ఘనపు సెంటీమీటరు ఉక్కు సుమారు 7.8 గ్రాములు తూగుతుంది. అదే పరిమాణం టైటానియం 4.5 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములే. మరి పానాలన్నీ అల్యూమినియంతో చేస్తే సరిపోదా? సరిపోదు. నట్టు మూలలను గట్టిగా పట్టి తిప్పేటప్పుడు మెత్తటి లోహం అరిగిపోతుంది. మూతి అరిగిన పానా నట్టు మూలలను కూడా గుండ్రంగా చేసేస్తుంది. ఆ తర్వాత ఏ పానాకీ ఆ నట్టు చిక్కదు. అందుకే మంచి మల్టీటూల్‌లో బోల్టును పట్టే మూతి గట్టి ఉక్కుతో, చాలావరకు క్రోమ్ వెనేడియం ఉక్కుతో ఉంటుంది. మనం పట్టుకునే పిడి మాత్రం అల్యూమినియంతో చేస్తారు. కొనేటప్పుడు ఇది గమనిస్తే బరువూ తగ్గుతుంది, పనీ చెడదు.

పొడవు కూడా చూడాలి. చక్రం నట్టును విప్పడానికి 30 న్యూటన్ మీటర్ల టార్కు కావాలనుకుందాం. పానా పొడవు 15 సెంటీమీటర్లయితే చివర 200 న్యూటన్ల బలం వేయాలి. అంటే సుమారు 20 కిలోల బరువు మోపినట్టు. పానాను సగానికి పొట్టి చేసి ఏడున్నర సెంటీమీటర్లకు తెస్తే 400 న్యూటన్లు, అంటే దాదాపు 40 కిలోల బరువు కావాలి. ఆరో తరగతి పిల్లల చేతికి అది సాధ్యం కాదు. కనుక పొట్టి పానా కొని "తేలికైంది" అని సంతోషించే ముందు, దానితో మన చక్రం నట్టు మన చేతులతోనే విప్పగలమో లేదో చూసుకోవాలి.

టైరు లివర్ల విషయంలో తేలికదే మేలు. ఇనుప లివర్లు బరువు, పైగా ట్యూబును నొక్కి కొత్త చిల్లు పెట్టవచ్చు, అల్యూమినియం రిమ్మును గీరవచ్చు. గట్టి ప్లాస్టిక్ లివర్లు రెండు చాలు. స్పూన్లు, స్క్రూడ్రైవర్లు వాడకండి.

సంచిలో ఏముండాలి?

సాధారణ గేర్ల సైకిలుకు ఒక రోజు ప్రయాణం కోసం ఈ జాబితా సరిపోతుంది. బరువులు సుమారుగా ఇచ్చాం. మీ ఇంట్లో వంటింటి త్రాసు ఉంటే తూచి చూడండి.

1. మన టైరు కొలతకు సరిపోయే అదనపు ట్యూబు – 150 నుంచి 200 గ్రాములు
2. ప్యాచ్‌లు, సొల్యూషన్, ఉప్పుకాగితం ముక్క – 30 నుంచి 40 గ్రాములు
3. ప్లాస్టిక్ టైరు లివర్లు రెండు – 30 నుంచి 40 గ్రాములు
4. చిన్న చేతిపంపు – 100 నుంచి 200 గ్రాములు
5. అలెన్ కీలు, స్క్రూడ్రైవరు ఉన్న చిన్న మల్టీటూల్ – 120 నుంచి 180 గ్రాములు
6. చక్రానికి నట్లుంటే దానికి సరిపోయే పానా – 100 గ్రాములు
7. మన చెయినుకు సరిపోయే లింకు లేదా చెయిను లాక్ – 10 గ్రాముల లోపు
8. టేపు, నాలుగు ప్లాస్టిక్ కట్లు, గుడ్డముక్క – 50 గ్రాములు

అన్నీ కలిపితే సుమారు 600 నుంచి 800 గ్రాముల దాకా ఉంటుంది. లీటరు నీళ్లకంటే తక్కువే!

కొన్ని చిట్కాలు కూడా చెప్పుకోవాలి. టేపు చుట్ట మొత్తం తీసుకెళ్లకుండా పంపు చుట్టూ ఒక మీటరు చుట్టుకుంటే చాలు. పాత టైరు ముక్కను అగ్గిపెట్టె అంత కోసి ఉంచుకోండి. టైరు పక్క చీలితే లోపల పెట్టి ట్యూబు బయటికి ఉబ్బకుండా ఆపవచ్చు. పాత ట్యూబును ఉంగరాల్లా కోస్తే మంచి రబ్బరు బ్యాండ్లు తయారవుతాయి. ఒకసారి మూత తీసిన సొల్యూషన్ ట్యూబు కొన్నాళ్లకు లోపలే ఎండిపోతుంది. కనుక బయలుదేరే ముందు రోజు నొక్కి చూడండి. చెయిను లింకు కొనేటప్పుడు మీ సైకిలుకు వెనక ఎన్ని గేర్లున్నాయో చెప్పి కొనండి. ఎనిమిది గేర్ల చెయినుకూ పది గేర్ల చెయినుకూ వెడల్పు వేరు.

ఒక్క క్షణంలో టైరు నింపే చిన్న గ్యాసు సిలిండర్లు కూడా దొరుకుతాయి. అవి తేలికైనవే, కానీ ఒక్కోటి ఒక్కసారే పనికొస్తుంది. పైగా కార్బన్ డయాక్సైడు రబ్బరులోంచి మామూలు గాలికంటే త్వరగా బయటికి పోతుంది. చేతిపంపు మాత్రం ఎన్నిసార్లయినా పనిచేస్తుంది. పిల్లలకు పంపే మేలు.

దారిని బట్టి సంచి

ఊళ్లో తిరగడానికి పైన చెప్పినవన్నీ అక్కరలేదు. జూబిలీ పార్కు నుంచి అవసరమైతే ఇంటికి నడిచి రావచ్చు. పంపు ఒక్కటి చాలు. డిమ్నాకు వెళ్తే పంక్చరు సామాను, పంపు కావాలి. చాండిల్, ఘాట్‌శిలా లాంటి దూరాలకు పూర్తి సంచి ఉండాలి.

హైవేల మీద పంక్చరు దుకాణాలు కనబడుతూనే ఉంటాయి. కాబట్టి అక్కడ దొరికేవి మనం మోయనక్కరలేదు. సుత్తి, పెద్ద పానా, నీళ్ల తొట్టి వాళ్ల దగ్గర ఉంటాయి. మన కొలత సన్నటి ట్యూబు, మన చెయిను లింకు మాత్రం దొరకకపోవచ్చు. దొరకనిదే మోయాలి. హైవే అంచుల్లో లారీ టైర్ల నుంచి రాలిన సన్నటి ఇనుప తీగలు పడి ఉంటాయి. పంక్చరు వేసే ముందు టైరు లోపల గుడ్డతో తడిమి ఆ తీగను తీసేయకపోతే పది నిమిషాల్లో మళ్లీ పంక్చరవుతుంది.

దల్మా వైపు దారులు వేరు. అది ఏనుగుల అభయారణ్యం. చీకటి పడ్డాక అక్కడ సైకిలు బాగుచేసుకుంటూ కూర్చోకూడదు. పెద్దల తోడు, హెల్మెట్, లైట్లు లేకుండా ఊరు దాటకండి. ఇవి బరువు లెక్కలోకి రావు.

ఇంకో పనిముట్టుకు అసలు బరువే లేదు. అది మాట. మన అమ్మమ్మ ఊళ్లో మెకానిక్కు "పానా" అంటే అర్థమవుతుంది. ఇక్కడి మెకానిక్కుకూ హిందీలో అదే మాట, "పానా"! గాలికి "హవా", స్పోకుకు "తీలీ" అంటారు. ఊరు మారినప్పుడల్లా సైకిలు దుకాణంలో వాడే పది మాటలు నేర్చుకుంటే దారిలో సగం పని అయినట్టే.

ఇంట్లోనే ఒక పరీక్ష

సంచి సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. ఒక ఆదివారం పొద్దున సైకిలును వరండాలోకి తెచ్చి, సంచిలో ఉన్న వస్తువులతోనే వెనక చక్రం విప్పండి. ట్యూబు తీసి, మళ్లీ పెట్టి, చేతిపంపుతో గాలి కొట్టండి. బ్రేకు సరిచేయండి, సీటు ఎత్తు మార్చండి. ఇంట్లోంచి ఇంకేదీ తెచ్చుకోకూడదు. లోపలికి పరిగెత్తి తెచ్చుకోవలసి వచ్చిన వస్తువు సంచిలో చేరాలి. ఒక్కసారి కూడా చేతికి రాని వస్తువును "దీనికి సందర్భం వస్తుందా?" అని అడిగి, రాదనిపిస్తే తీసేయాలి. మొదటిసారి గంట పడుతుంది. మూడోసారికి ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. మెకానిక్కు పని చేస్తుండగా పక్కన నిలబడి చూసినా చాలా తెలుస్తుంది. గౌరవంగా అడిగితే చాలామంది సంతోషంగా చూపిస్తారు.

ఈ సంచి మన ఇళ్లలో ఇంకో పనికీ వస్తుంది. బదిలీ అయినప్పుడు సైకిలును రైలు పార్సిలులోనో లారీలోనో పంపాలంటే హ్యాండిలు పక్కకు తిప్పాలి, పెడళ్లు తీయాలి. అదే అలెన్ కీ, అదే పానా చాలు. ఒక్క సంగతి మాత్రం మరవకండి. కుడి పెడలు మామూలుగానే విప్పాలి. ఎడమ పెడలు మర మాత్రం వ్యతిరేకం, దాన్ని గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితేనే విడుతుంది. తెలియక బలం ప్రయోగిస్తే ఇంకా బిగుసుకుంటుంది.

కొత్త ఊళ్లో స్నేహితులు దొరకడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. సైకిలు బిగించుకుని గాలి పెట్టుకోవడం వచ్చినవాళ్లు మాత్రం దిగిన రోజు సాయంత్రమే వీధి చూడటానికి బయలుదేరవచ్చు. అక్కడ ఎవరిదో సైకిలు చెయిను ఊడి ఉంటే, సంచి తీసి సాయం చేయండి. స్నేహం అక్కడే మొదలవుతుంది.